రెండో చరణంలో జీర

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. ఇదంతా చదివాక మీరే చెప్పండి, రావాలో వద్దో.

తొంభైల చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాలుగు రోజులు తిరిగినవాళ్లెవరికైనా ఆ వాన పాట తెలిసే ఉంటుంది. అసలుది హిందీ. సినిమా పాట కాదు, ఎవరో పట్నం అమ్మాయి సొంతంగా ఆల్బమ్ చేసి టీవీల్లో గంతులేసిన పాప్ పాట. ఆ బాణీకి గుంటూరులో ఒకాయన తెలుగు మాటలు కట్టించి, ఇక్కడి పిల్లతో పాడించి, క్యాసెట్ వేసి వదిలాడు. ఇలాంటివాటిని కవర్ వెర్షన్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో మాకది తెలుగు వాన పాట, అంతే. మిరపకాయలు కల్లంలో ఆరబోసుకుని, మబ్బు కనపడితే గుండెలు బాదుకునే ఊళ్లు మావి. ఆ ఊళ్లలోనే ట్రాక్టర్ల మీద, ఆటోల్లో, సోడా కొట్ల దగ్గర పొద్దస్తమానం వానని రమ్మని పిలిచే ఆ పాట మోగేది. ఒకసారి మా ఊరి రైతు ఒకాయన, కల్లం పక్కనే ట్రాక్టర్లో ఆ పాట పెట్టిన డ్రైవర్ని పట్టుకుని, "ఒరేయ్, ఆ పాడు పాట ఆపుతావా లేదా? నిజంగా వచ్చిందంటే మీ అయ్య ఇస్తాడంట్రా నా కాయ?" అని కర్ర తీసుకుని వెంటపడ్డాడు.

ఆ పాట పాడింది మా పిన్ని. మా అమ్మకి ఆఖరి చెల్లెలు.

ఈ ఒక్క మాట నమ్మించడానికి నేను పదేళ్లు గొంతు చించుకున్నాను.

మాది ప్రత్తిపాడు. అమ్మ, పిన్ని ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. పత్తి ఉంటే పత్తి తీయడానికి, కాయ కోత అయ్యాక కల్లాల్లో తాలు ఏరడానికి. తాలంటే రంగుపోయి తెల్లగా మచ్చలు పడ్డ మిరపకాయ, దాన్ని మంచి కాయలోంచి ఏరి పక్కకి పోయాలి. పిన్ని ఐదో తరగతితో బడి మానేసింది. ఆమెకి ఉన్నదల్లా గొంతు. ఆదివారం చర్చిలో అయ్యగారు మైకులో పిన్ని పేరు, తాత పేరు చెప్పి, "మన సహోదరి ఇప్పుడు పాట పాడతారు" అనేవారు. మైకులో తన పేరు వినపడగానే పిన్ని కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని లేచేది. వారమంతా "ఏయ్, ఇటు రా", "ఓసేయ్, ఆ బస్తా జరుపు" అనిపించుకున్న మనిషి. ఆ ఒక్క పూట ఆమె పేరు చర్చి దాటి బజారు దాకా వినపడేది. ఇంటికొచ్చాక, "ఇవ్వాళ మైకు బాగుంది కదే, పేరు స్పష్టంగా వినపడింది" అనేది నాతో. పాట ఎలా ఉందని ఏనాడూ అడగలేదు. పాట సంగతి తనకి తెలుసు.

ఒక క్రిస్మస్‌కి పిన్ని పాడుతుంటే విని, గుంటూరులో ఆర్కెస్ట్రా నడిపే ఆయన వచ్చి అడిగాడు. పెళ్లిళ్లకి, తిరునాళ్లకి పాడే పార్టీ. అమ్మమ్మ వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి "పిల్లని వెంట తీసుకెళితేనే పో" అంది. ఆ పిల్ల నేనే. ఎనిమిదో తరగతి చదువుతున్నాను.

మొదటి ప్రోగ్రాం ఒక పెళ్లి పందిట్లో. పిన్ని అమ్మ చీర కట్టుకుని, స్టేజీ పక్కన ఇనప కుర్చీలో కూర్చుంది. ఆర్కెస్ట్రాయన మైకు పట్టుకుని, సినిమాల్లో బాగా పేరున్న ఒక గాయని పేరు చెప్పి, దాని ముందు 'జూనియర్' తగిలించి, "మీ కోసం, మీ ముందుకు!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని కూడా కొట్టింది.

"ఎవరే ఆమె, ఇంకా రాదేంటి?" అంది నాతో.

ఆయన వెనక్కి తిరిగి, "ఏమ్మా, నిన్నే!" అని పళ్లు నూరాడు.

ప్రోగ్రాం అయ్యాక పిన్ని మెల్లగా, "సార్, ఈసారి నా పేరు చెప్పండి సార్" అని అడిగింది. ఆయన నవ్వాడు. "నీ పేరుకి రేషన్ కార్డు వస్తుందమ్మా, ప్రోగ్రాం రాదు. ఆర్కెస్ట్రాల్లో అందరూ జూనియర్లే. ఇది ఇక్కడి పద్ధతి." పద్ధతంట! పద్ధతి అనేస్తే చాలు, ఇంకెవరూ నోరెత్తకూడదు.

ఆర్కెస్ట్రాలో చేరిందని తెలిసి సంఘ పెద్ద ఒకాయన అమ్మమ్మ ఇంటికొచ్చాడు. "లోకపు పాటలు పాడిన నోటితో దేవుడి పాటలు పాడిస్తే సంఘానికి ఏం సాక్ష్యం ఉంటదమ్మా?" అన్నాడు. ఆ ఆదివారం నించి మైకులో పిన్ని పేరు చెప్పడం మానేశారు. ఆయన కొడుకు పెళ్లికి మాత్రం మా ఆర్కెస్ట్రానే పెట్టించుకున్నాడు. ఇది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

అంటే లెక్క చూడండి. ఉన్న ఒక్క చోటా పేరు పోయింది. కొత్త చోట పేరు లేదు. పిన్ని మాత్రం, "క్యాసెట్ వేస్తానన్నాడే ఆయన. క్యాసెట్ మీద పేరేస్తారు, దాన్ని ఎవరూ ఆపలేరుగా" అనేది. ఆ ఆశ మీదే రెండేళ్లు జూనియర్‌గా పాడింది.

రికార్డింగు రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. ఎండలు ముదురుతున్న రోజులు. పిన్ని పొద్దుటినించీ కల్లంలో తాలు ఏరుతోంది. మధ్యాహ్నం మనిషిని పంపించారు, ఉన్నపళంగా రమ్మని. ఒళ్లు కడుక్కునే టైము కూడా లేదు. మిరప ఘాటు బట్టల్లో, జుట్టులో, గొంతులో అలాగే ఉంది. బస్సులో మా పక్కన కూర్చున్నావిడ తుమ్మి తుమ్మి లేచి వేరే సీటుకి పోయింది. గుంటూరులో క్యాసెట్ల కొట్టు వెనక చిన్న గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు, చప్పుడు రాకుండా. ఫ్యాన్ కూడా ఆపేశారు.

పిన్ని పాడింది. ఎంత బాగా పాడిందంటే, నేను హిందీ పాట టీవీలో చూశాను, ఆ పిల్లకి ఒళ్లు ఊపడం వచ్చుగానీ పాడటం రాదని నాకు ఆ గదిలోనే అర్థమైంది. రెండో చరణంలో 'మబ్బు' అనే మాట దగ్గర మాత్రం పిన్ని గొంతు ఘాటుకి పట్టేసింది. అర క్షణం జీరపోయి, మళ్లీ తేలింది. పాట అయ్యాక ఆమె ముఖం చిన్నబోయింది.

"సార్, ఆ మబ్బు దగ్గర పోయింది. ఇంకొక్కసారి పాడతాను సార్."

"ఎవడూ పట్టించుకోడులే. ఇంకా నాలుగు పాటలున్నాయి, కానీయ్" అన్నాడాయన.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద జీన్స్ ప్యాంటు వేసుకున్న పిల్ల బొమ్మ, అదెవరో దేవుడికే తెలియాలి. కింద 'గానం' అని, మళ్లీ ఆ జూనియరే. పిన్ని అట్ట మడత విప్పింది, తిప్పింది, వెలుగులో పెట్టి చూసింది. "లోపలెక్కడైనా చిన్నక్షరాలతో ఉందేమో చూడవే, నీకు కళ్లు బాగుంటాయి" అని నా చేతికిచ్చింది. నేను చూశాను. క్యాసెట్ అచ్చేసిన ప్రెస్ పేరు ఉంది. మాటలు రాసినాయన పేరుంది. అట్టకి బొమ్మ గీసినవాడి పేరు కూడా ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, అదిగో ఆ సామెత అప్పుడు నాకు అక్షరాలా తెలిసింది.

ఇక ఆ పాట చూడండి! పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర అదే, కనిగిరి బస్టాండులో అదే. అందరికీ నచ్చింది కూడా ఏదనుకున్నారు? ఆ జీర! ఆ మబ్బు దగ్గర గొంతు పట్టేయడం! మా క్లాసులో ఆడపిల్లలందరూ ఆ జీర తెప్పించడానికి గొంతులు నొక్కుకునేవాళ్లు. ఒకసారి నేనూ పిన్నీ చుట్టాలింటికి కనిగిరి పోతుంటే, బస్సులో ముందు సీట్లో కాలేజీ పిల్లలు ఇద్దరు ఆ పాటే పాడుకుంటున్నారు. ఒకతె ఇంకొకదాన్ని దిద్దుతోంది.

"అట్టా కాదే, మబ్బు దగ్గర ఏడుపొచ్చినట్టు ఆగాలి. ఎంత ఫీలయి పాడిందో ఆమె!"

నేను ఉండబట్టలేక, "ఏడుపు కాదు, మిరపకాయల ఘాటు. పాడింది ఈమే, మా పిన్ని" అన్నాను.

వాళ్లు వెనక్కి తిరిగి పిన్నిని కిందినించి పైకి చూశారు. రబ్బరు చెప్పులు, కారం మరకలు పోని గోళ్లు. ఒకళ్లనొకళ్లు చూసుకుని పకపకా నవ్వారు. "మరి నేనెవర్ననుకున్నావు, సినిమా హీరోయిన్ని" అంది ఒకతె. కండక్టరు కూడా నవ్వాడు. పిన్ని నా తొడ మీద గట్టిగా గిల్లి, "నోరు మూసుకోవే" అంది. కనిగిరి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నాకు మాత్రం ఆ ఇద్దరి జడలూ కలిపి ముడేయాలన్నంత కోపం వచ్చింది.

తర్వాత పిన్నికి పెళ్లయింది. బాబాయి లారీ డ్రైవరు, మంచివాడు. మా ఊళ్లోనే కాపురం పెట్టారు. పాప పుట్టినప్పుడు ఐదారు నెలలు ప్రోగ్రాములకి పోలేదు. మళ్లీ వస్తానని చెబుదామని మేమిద్దరం గుంటూరులో ఒక పెళ్లి దగ్గరికి పోయాం. స్టేజీ మీద ఆయన మైకులో అరుస్తున్నాడు, అదే జూనియర్ పేరు! లేచింది ఇంకో పిల్ల. పదిహేడేళ్లు ఉంటాయేమో. పాడింది వాన పాటే. మబ్బు దగ్గర జీర కూడా పెట్టింది, నేర్పించారు కాబోలు. జనం ఈలలు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వెళ్లి ఆయన్ని నిలదీశాను. "ఆ పేరు మా పిన్నిది!" అన్నాను. అనేశాక నాకే సిగ్గేసింది. ఆ దిక్కుమాలిన పేరు కోసం నేనే కొట్లాడుతున్నాను.

"పేరు ఆర్కెస్ట్రాది పాపా" అన్నాడాయన తాపీగా. "మీ పిన్ని కంటే ముందు కూడా ఒకామె ఉండేది ఆ పేరుతోనే. ఒకరు మానేస్తే ఇంకొకరికి ఇస్తాం. కోటు లాంటిదిది, ఎవరు పాడితే వాళ్లు తొడుక్కోవటమే."

ఆ కోటు తొడుక్కున్న పిల్ల కొన్నేళ్లలో బాగా పైకొచ్చింది. విజయవాడ పోయింది, పెద్ద పెద్ద స్టేజీలెక్కింది. పోస్టర్ల మీద 'వాన పాట ఫేమ్' అని వేసుకున్నారు. నేను ఆ పిల్లని తిట్టిపోస్తుంటే పిన్ని అడ్డుపడేది. "దాన్నేం అంటావులే. దానికి మాత్రం పేరు పెట్టారా ఏంటి?" అనేది. పిన్నికి ఉన్నంత మనసు నాకు లేదు. కావాలని కూడా లేదు.

రెండు వేలు దాటాక టీవీల్లో పాటల పోటీలు మొదలయ్యాయి. గుంటూరులో ఒక కల్యాణ మండపంలో ఎంపిక పెట్టారు. పాసైతే టీవీలో సొంత పేరు వేస్తారు, తెర కింద, పెద్దక్షరాలతో. నేనప్పటికి బీఈడీ చదువుతున్నాను. ఫారం నేనే నింపాను. పేరు గడిలో పిన్ని పేరు ముత్యాల్లా రాసి చూపించాను. ఆమె ఆ కాగితం చాలాసేపు చూసి, "ఇంటి పేరు కూడా వెయ్యవే" అంది. వేశాను. ఏ పాట పాడాలో కూడా నేనే చెప్పాను. వాన పాటే పాడమన్నాను. ఎవరిదో ఆ పాట లోకానికి తెలియాలని నా పట్టుదల. నా వెధవ తెలివి!

పిన్ని పాడింది. ఆరేడేళ్ల కిందటి గొంతు చెక్కు చెదరలేదు. అన్నేళ్లుగా అలవాటైపోయి, మబ్బు దగ్గర జీర దానంతటదే వచ్చింది. బల్ల వెనకున్న జడ్జి చెయ్యెత్తి ఆపాడు.

"ఏమ్మా, క్యాసెట్ దించేశారే! ఆ జీరతో సహా దించేశారు. కాపీ బాగుంది. కానీ మాకు కావాల్సింది మీ సొంత గొంతు."

తలుపు దగ్గర నిలబడ్డ నేను, "అది ఆవిడ పాడిన క్యాసెట్టే సార్!" అని అరిచాను. ఆయన చిరాగ్గా నావైపు చూసి, "ఆ అమ్మాయి నాకు తెలుసు. మొన్న విజయవాడలో ఒకే స్టేజీ మీద ఉన్నాం" అన్నాడు. తర్వాత పిన్నితో, "సరే, ఆ చరణం మీ పద్ధతిలో పాడండి" అన్నాడు.

పిన్ని కళ్లు మూసుకుని మళ్లీ పాడింది. మబ్బు దగ్గర గొంతు ఎక్కడా పట్టకుండా, తేటగా, ఆ రోజు గదిలో ఇంకొక్కసారి పాడనివ్వండి సార్ అని బతిమాలుకున్నప్పుడు ఎలా పాడాలనుకుందో అలా పాడింది.

జడ్జి పెదవి విరిచాడు. "చూశారా? ఆ జీర లేకపోతే పాటే లేదు. అది అందరికీ రాదమ్మా. నెక్స్ట్!"

జీర పెడితే కాపీ. తీసేస్తే పస లేదు. ఏం చేసి చావాలి మనిషి? నేను అక్కడ ఎంత గొడవ చేశానంటే, ఇద్దరు వాచ్‌మెన్లు వచ్చి నా రెక్కలు పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చారు. ఆర్కెస్ట్రాయన వచ్చి సాక్ష్యం చెప్తే మళ్లీ రానిస్తామన్నారు పోటీ పెట్టినవాళ్లు. ఆయన దగ్గరికి పరుగెత్తాం. అప్పటికి ఆర్కెస్ట్రా ఎత్తేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. పిన్నిని చూసి గుర్తుపట్టాడు, టీ తెప్పించాడు. విషయం విని తల గోక్కున్నాడు. "ఆ పేరుతో నలుగురు పాడారమ్మా. ఏ పాట ఏ జూనియర్ పాడిందో నాకేం గుర్తు?" అన్నాడు. అబద్ధం చెప్తున్నాడేమోనని ఆయన కళ్లలోకి చూశాను. లేదు. నిజంగానే గుర్తులేదు. అది ఇంకా కడుపు మండించింది. మోసం చేసుంటే తిట్టిపోసేదాన్ని. మర్చిపోయినవాణ్ణి ఏం తిట్టను?

టీ తాగకుండా లేచి వచ్చేశాం. బస్సులో పిన్ని ఒక్కటే మాట అంది. "రెండోసారి బాగా వచ్చింది కదే?"

"బాగా వచ్చింది పిన్నీ" అన్నాను. ఏడ్చింది నేనే, ఆమె కాదు.

గుంటూరులో నేను చేసిన గొడవ మా ఊరికి పాకింది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఊళ్లోవాళ్లకి మాత్రం ఆ వాన పాట తమ ఊరిదేనని రూఢి అయిపోయింది. ఆ ఏడు క్రిస్మస్‌కి సంఘ పెద్ద, ఆ సాక్ష్యం మాటలు చెప్పిన ఆయనే, ఇంటికొచ్చి పిన్నిని పాడమని అడిగాడు. పిన్ని ఎగిరి గంతేసినంత పని చేసింది. కొత్త చీర కొనుక్కుంది. పండగ పొద్దున చర్చి కిటకిటలాడుతోంది, బయట పందిరి కింద కూడా జనమే. నేను పిన్ని పక్కనే కూర్చున్నాను. ఆమె కొంగు సర్దుకుంటోంది. దేనికోసం చెవులు రిక్కించిందో నాకు తెలుసు.

పెద్దాయన మైకు పట్టుకుని, ముఖమంతా నవ్వుతో, ఎంతో గౌరవం చేస్తున్నాననుకుంటూ అన్నాడు. "మన సంఘానికే గర్వకారణం, వాన పాట పాడిన మన జూనియర్..." అని ఆ గాయని పేరే చెప్పాడు! అందరూ చప్పట్లు. ఆయన తప్పేమీ లేదు, నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం మైకు లాక్కుని ఆయన నెత్తిన పెట్టి కొట్టాలనిపించింది. సగం లేచాను కూడా. పిన్ని నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

వెళ్లి మైకు అందుకుంది. "వందనాలండీ" అంది. "అయ్యా, అది నా పేరు కాదండీ."

చప్పట్లు ఆగిపోయాయి. పిన్ని తన పేరు చెప్పింది. ఇంటి పేరు చెప్పింది. మా తాత పేరు, అమ్మమ్మ పేరు చెప్పింది. "కల్లంలో తాలు ఏరేదాన్ని. వాన పాట నేనే పాడాను. మబ్బు దగ్గర గొంతు పోయింది ఘాటుకి, నాకు ఏడుపొచ్చి కాదు" అంది. అప్పుడు పండగ పాట అందుకుంది. చర్చిలో వెనక వరసలో ముసలావిడ ఒకామె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం చూశాను. ఆమె కూడా జీవితమంతా తాలు ఏరినావిడే.

మొన్న ఈ సంగతులన్నీ రాస్తున్నానని పిన్నితో చెప్పాను. అరుగు మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది, ఇంట్లోకి కారం పట్టించడానికి.

"నీ పేరు వేస్తున్నా పిన్నీ. పెద్దక్షరాలతో."

"నా పేరు రాయమాక" అంది తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లు నేను ఊరందరితో తగాదా పెట్టుకుంది దేనికి మరి? రాయొద్దంటే ఎట్టా?"

"అట్టల మీద పేర్లు చూశానే నేను. ఎవరిదో బొమ్మ, ఎవరిదో పేరు. కాగితం మీద ఉన్నదాన్ని ఎవడైనా చెరిపి ఇంకోటి రాసుకుంటాడు. ఆ పాట ఎవరిదని ఎవరన్నా అడిగితే ఇంటికి రమ్మను. బతికే ఉన్నాగా. నా నోటితో నేనే చెప్తా."

అందుకని రాయలేదు. తెలుసుకోవాలని ఉన్నవాళ్లు ప్రత్తిపాడులో బస్సు దిగి, వాన పాట పాడినావిడ ఇల్లు ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. జూనియర్ అన్నారో, గుమ్మంలో నేనుంటాను.